పంజరం ట్రేకు ఏడు కాగితాలు
చక్రాల కుర్చీలో ఉంటూ తిరుపతిలో రెండు బడ్జీ పిట్టలను పెంచుకుంటున్న నాకు, పంజరం ట్రేను రోజూ కడగడమే అన్నిటికన్నా కష్టంగా ఉండేది. ఇప్పుడు ఆదివారం ఇంట్లోవాళ్ల సాయంతో ట్రేను కడిగించి, తడి పూర్తిగా ఆరాక, దాని కొలతకు కత్తిరించిన పాత దినపత్రిక కాగితాలను ఒకదానిపై ఒకటి ఏడు పొరలుగా పరిచి, ఒక్కొక్కదాని ముందు అంచును రెండు అంగుళాల మేర పైకి మడిచి ఉంచుతున్నాను. ఉదయం ట్రేను కొద్దిగా లాగి, పై కాగితం అంచు పట్టుకొని ఒంటిచేత్తో మెల్లగా చుట్టేస్తే, రెట్టలూ కొర్రల పొట్టూ అందులోనే వచ్చేస్తాయి. పిట్టలకు ఒంట్లో బాగోక రెట్ట పలచబడిందేమో కూడా అప్పుడే కనిపిస్తుంది, ఇది నాకు ఎంతో ధైర్యం. అయితే నీళ్ల గిన్నె ఒలికినా, కార్తీకంలో ముసురు పట్టినా అడుగు కాగితాలు చెమ్మగిల్లి బూజు పడతాయి కనుక, వారం నిండకపోయినా అన్నిటినీ ఒకేసారి తీసివేయాలి.