పాత ఫోర్ బై ఫోర్ కొనే ముందు కింద పడుకుని చూడండి

మీ పొలం రేగడి నేలలో ఉండి, తారు రోడ్డు నుంచి లోపలికి బండ్ల బాట ఒక్కటే దారి అయితే నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ బై ఫోర్ కొనండి. రోజూ నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి రావడానికే అయితే వద్దు. అదే డబ్బుకు మంచి కారు వస్తుంది, డీజిల్ కూడా మిగులుతుంది. నల్లమలలో తిరగాలని కొనేవాళ్లకూ ఒక మాట: అమ్రాబాద్ పులుల అడవిలో హైవే దిగి సొంత బండి తోలనివ్వరు. మన్ననూరు దగ్గర గేటు కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది.

మాది దేవరకొండ వైపు. బత్తాయి తోట రోడ్డుకు కిలోమీటరున్నర లోపల ఉంటుంది, మధ్యలో ఒక ఒర్రె. నాలుగేళ్ల కింద 2012 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ డీజిల్ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. బండికి ఇచ్చిన డబ్బుతో లెక్క అయిపోదని మొదటి ఏడాదిలోనే తెలిసింది. అందుకే మీ దగ్గర ఐదు లక్షలు ఉంటే నాలుగు లక్షల బండి చూడండి. మిగిలిన లక్ష దాని మీదే పెట్టాల్సి వస్తుంది.

చూడడానికి పొద్దున్నే వెళ్లండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొట్టకూడదు. ఇంజిన్ అందరూ చూస్తారు. ఈ బండ్లకు అసలు డబ్బు తినేది కింద ఉంటుంది కాబట్టి ఒక గోనె సంచి, ఒక స్పానర్ పట్టుకుపోయి కింద పడుకోండి. ముందు చక్రాల మధ్య గేర్లుండే ఇనప గుండు ఉంటుంది, దాన్నే హౌసింగ్ అంటారు. దానికి ఆయిల్ పోసే బోల్టు ఉంటుంది, అది విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టి, బయటికి తీసి వెలుతురులో చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే మార్చుకోవచ్చు. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే, ఎక్కడో వాగులో దింపి ఆయిల్ మార్చకుండా తిప్పారు. రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు వెండి పొడిలా మెరిస్తే గేర్ల పళ్లు అరుగుతున్నాయి, ఆ బండి వదిలేయండి. వెనక హౌసింగ్‌కూ ఇదే పరీక్ష. తర్వాత హౌసింగ్‌కు శక్తి తీసుకుపోయే పొడుగు ఇనప కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, టక్కుమని ఆట కనిపిస్తే జాయింట్ క్రాస్ పోయింది, అది చిన్న ఖర్చే. ముందు చక్రాల లోపలి రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి. చాసిస్‌ను స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా కొట్టండి, తుప్పు పెచ్చులుగా రాలితే దానికి మందు లేదు.

తోలి చూసేటప్పుడు మెత్తటి చెలకలోకి తీసుకుపోండి. గేర్ రాడ్ పక్కన ఉండే చిన్న లివర్ ఫోర్ హైలో (నాలుగు చక్రాలు, మామూలు వేగం) వేసి కొంచెం దూరం, తర్వాత ఫోర్ లోలో (నాలుగు చక్రాలు, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) మొదటి గేర్ మీద యాక్సిలరేటర్ తొక్కకుండా గట్టు ఎక్కించండి. లివర్ ఎంత తేలిగ్గా పడిందో అంత తేలిగ్గా బయటికి రావాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆ లివర్ ముట్టుకోనివాళ్లు చాలామంది ఉంటారు, అది బిగుసుకుపోతుంది. పాత ఎంఎం 540 లాంటి జీపుల్లో కొన్నింటికి ముందు చక్రాల నడిమి హబ్ చేత్తో తిప్పి లాక్ చేయాలి. అది తెలియక ఫోర్ బై ఫోర్ పని చేయడం లేదని బేరం వదులుకునేవాళ్లూ ఉన్నారు.

కాగితాల దగ్గర తొందర వద్దు. ఏపీ 24, ఏపీ 22 నంబర్లంటే 2014 జూన్ దాకా వచ్చినవి కాబట్టి ఆర్సీ 15 ఏళ్ల గడువు ఎప్పుడో మొదట చూడండి. దాటితే ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. కార్లకు 600 ఉన్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. పాత జీపుల్లో ఇంజిన్ మార్చినవి ఎక్కువ, నంబరు ఆర్సీతో కలవకపోతే ఫిట్‌నెస్ దగ్గరే ఆగిపోతుంది. ఢిల్లీ బండి చవగ్గా వస్తుందంటే ఎన్‌వోసీ (అక్కడి ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ కలుపుకుని లెక్క వేయండి. లోన్ తీరిందని ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఏటా అయ్యే ఖర్చు మామూలు కారు కంటే ఎక్కువే. ఇంజిన్ ఆయిల్ కాక గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), రెండు హౌసింగ్‌లు, ఇన్ని చోట్ల ఆయిల్ పోయాలి. నాకు లీటరుకు పది, పదకొండు మించి రాదు. టైర్లు నాలుగూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి ఉండాలి, రెండు కొత్తవి రెండు పాతవి వేస్తే ఫోర్ వీల్‌లో ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ హైలో తోలకూడదనేది కూడా అందుకే. ఒకసారి ఒర్రె దాటాక లివర్ తీయడం మరిచి దేవరకొండ దాకా పోయాను. మలుపుల్లో టైర్లు కీచుమన్నాయి, ఆగాక లివర్ రాలేదు, కాస్త వెనక్కి తోలితే వదిలింది. అదృష్టం కొద్దీ ఏమీ విరగలేదు.

ఇంత పెట్టి ఏం వచ్చిందంటే పోయిన ఆగస్టు చెబుతాను. మూడు రోజులు ముసురు, కాయ కోతకొచ్చి రాలుతోంది, ట్రాలీ ఆటోవాళ్లు బాట చూసి వెనక్కి పోయారు, ట్రాక్టర్ దొరకలేదు, వ్యాపారి లారీ సాయంత్రం దాకానే ఆగుతానన్నాడు. టైర్ల గాలి ఇరవైకి దించి, ఫోర్ లోలో ట్రిప్పుకు పన్నెండు ట్రేల చొప్పున చీకటి పడేలోపు తోటంతా రోడ్డు మీదికి చేర్చాను. రేగడి టైర్లకు మందంగా చుట్టుకుంటున్నా ఎక్కడా దిగబడలేదు. ఆ ఒక్క రోజు మిగిలిన కాయ డబ్బుతో క్లచ్, నాలుగు టైర్లు వచ్చాయి.

వాగు మాత్రం పారుతుంటే ఏ బండీ దింపొద్దు, దిగి నడిచి చూసి నీళ్లు మోకాలు దాటితే ఆగండి, నాలుగు చక్రాలు లాగినా బండి తేలితే పట్టు ఉండదు. నీళ్లలో దిగిన రోజు ఇంటికి రాగానే అడుగున బురద కడిగి, క్రాస్‌లకు గ్రీజు కొట్టండి. మర్నాడు హౌసింగ్‌ల ఆయిల్ బోల్టు విప్పి మళ్లీ వేలు పెట్టి చూడండి.