ఇంట్లో ఎస్ప్రెస్సో – మూడో పాఠం: ఇరుకు వంటింటికి ఏ మెషిన్?

పోయిన రెండు పాఠాల్లో గింజల సంగతి, పొడి సంగతి చూశాం. 18 గ్రాముల పొడి నుంచి 25–30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగాలన్న లెక్క ఈపాటికి మీకు నోటికి వచ్చే ఉంటుంది. ఇక మెషిన్ ఎంచుకోవాలి. ఆన్‌లైన్‌లో బొమ్మలు చూడటం మొదలుపెట్టే ముందు కొలిచే టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్లండి. ఈ పాఠంలో సగం పని అక్కడే ఉంది.

బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, బెళ్లందూరు, కుందలహళ్లి వైపు అద్దె ఇళ్ల వంటగట్టు ఎలా ఉంటుందో తెలిసిందే. ఒక మూల సింకు, నడుమ స్టవ్వు, ఆ పక్కన మిక్సీ, దాని మీద గోడకు ఆర్వో ఫిల్టరు. ఇవన్నీ పోగా మిగిలేది రెండు జానల చోటు. మెషిన్‌తో పాటు గ్రైండరు, తూకం, పాలు కాచే స్టీలు జగ్గు కూడా అందులోనే సర్దుకోవాలి.

డబ్బా మీద రాసిన కొలత మెషిన్ ఊరికే నిలబడి ఉన్నప్పటిది. మీరు చూడాల్సింది పని జరిగేటప్పుడు అది తీసుకునే చోటు. పొడి నింపే పిడి ఉంటుంది చూడండి, పోర్టాఫిల్టర్, దాన్ని బిగించేటప్పుడు ఎడమ నుంచి మధ్యకు తిప్పాలి. ఎడమ పక్కన గోడ ఉంటే చెయ్యి ఆడదు. ఆవిరి గొట్టాన్ని పక్కకు లాగితేనే దాని కింద జగ్గు పడుతుంది. నీళ్ల ట్యాంకు వెనక ఉంటే, నింపినప్పుడల్లా మెషిన్‌ను ముందుకు జరపాలి. పైన ప్లైవుడ్ కబోర్డు ఉంటే రోజూ ఆవిరి తగిలి దాని అడుగు ఉబ్బుతుంది. అద్దె ఇల్లయితే ఖాళీ చేసే రోజున ఆ లెక్క అడ్వాన్సులోంచే పోతుంది.

రెండు మెషిన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. డెలోంగీ డెడికా వెడల్పు 15 సెంటీమీటర్లే, కానీ లోతు 33 దాకా ఉంటుంది, ట్యాంకు వెనక వైపు. గాజియా క్లాసిక్ వెడల్పు 23, లోతు 24, ఎత్తు 38 సెంటీమీటర్లు. దాని ట్యాంకు ముందు నుంచి బయటికి వస్తుంది, పై మూత తీసి కూడా నీళ్లు పోయొచ్చు. గట్టు పొడవు తక్కువైన ఇంటికి మొదటిది నప్పుతుంది. గట్టు లోతు తక్కువగా ఉండి, పైన కబోర్డు లేని ఇంటికి రెండోది నప్పుతుంది. వెడల్పు ఒక్కటే చూసి చిన్నది అనుకుంటే చిక్కు ఇక్కడే వస్తుంది.

తర్వాత స్విచ్ బోర్డు చూడండి. మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు, అంతకు మించి దాని నుంచి లాగకూడదు. చిన్న ఎస్ప్రెస్సో మెషిన్లు చాలావరకు 1,300 వాట్ల చుట్టుపక్కలో, అంతకు పైనో ఉంటాయి. కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాల్సిందే. వంటింట్లో అలాంటిది ఒక్కటే ఉండి, దానికి ఇండక్షన్ స్టవ్వో ఓవెనో తగిలించి ఉంటే, పొద్దున ఆరున్నరకు ఏది ముందు నడవాలో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రెండూ కలిపి నడపొద్దు.

ఇప్పుడు ఒత్తిడి విషయం. డబ్బాల మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, బార్ అంటే ఒత్తిడిని కొలిచే కొలమానం. అది పంపు గరిష్ఠంగా ఇవ్వగలిగే ఒత్తిడి. పొడి మీద పడాల్సింది 9 బార్ల దగ్గర. అకిలే గాజియా 1938లో పేటెంటుకు పెట్టుకున్న పని 1948 నాటికి స్ప్రింగు లివర్ మెషిన్‌గా వచ్చింది. కాఫీ మీద బంగారు రంగు నురగ, అంటే క్రీమా, అప్పటి నుంచే. 1961లో ఫయేమా కంపెనీ ఈ61 మోడల్‌లో చేత్తో లివర్ లాగే పనిని కరెంటు పంపుకు అప్పగించింది. ఏ మెషిన్‌కైనా కావాల్సింది ఆ 9 బార్లే గనక, 20 అని రాసినది 15 అని రాసిన దానికన్నా మేలనుకోకండి. ఒత్తిడి ఎక్కువైనప్పుడు దాన్ని తగ్గించే వాల్వు లోపల ఉందా లేదా అన్నదే అడగండి.

ఒక హెచ్చరిక. మరీ చవకగా దొరికే కొన్నింటిలో పంపు ఉండదు. నీళ్లు మరిగి ఆ ఆవిరే కాఫీని తోస్తుంది. డబ్బా మీద 3.5 బార్లు, 4 బార్లు అని ఉంటే అదే రకం. ఒత్తిడి చాలదు, నీళ్ల వేడి ఎక్కువ, అందుకే కాఫీ మాడు చేదుగా దిగుతుంది. డబ్బు లేకపోతే ఆగండి, ఇది మాత్రం కొనకండి. ఆ డబ్బుతో ఇత్తడి ఫిల్టరూ, మంచి పొడీ కొనుక్కుంటే అంతకన్నా నాణ్యమైన కాఫీ తాగుతారు.

నీళ్లు వేడెక్కే పద్ధతులు చాలానే ఉన్నా, ఇరుకింటి వరకు రెండే. థర్మోబ్లాక్ అయితే నీళ్లు సన్నటి దారిలో పోతూ పోతూ వేడెక్కుతాయి, నిమిషం లోపు సిద్ధం. చిన్న బాయిలర్ అయితే పిడి, దాన్ని బిగించే తల కూడా బాగా కాగడానికి పది పదిహేను నిమిషాలు ఆగాలి. కాఫీ దింపాక ఆవిరి కోసం ఇంకాసేపు ఆగాలి, ఆ తర్వాత రెండో కప్పు కావాలంటే మళ్లీ చల్లార్చాలి. రెండు బాయిలర్లవి బరువు, వెడల్పు రెండూ ఎక్కువ, మన గట్టుకు వద్దు. ఆఫీసు క్యాబ్ వచ్చే లోపు ఇద్దరికి పాల కాఫీ కావాలంటే నేను థర్మోబ్లాకే చెబుతాను. తీరిగ్గా కూర్చుని ఒక్కో కప్పు రుచి చూసుకునే వాళ్లకు, పాడైతే విప్పి బాగు చేయించుకుని ఏళ్ల తరబడి వాడాలనుకునే వాళ్లకు చిన్న బాయిలర్ బాగుంటుంది.

పాల గురించి ఒక మాట. చిన్న మెషిన్ల ఆవిరి కాస్త నీరసంగానే ఉంటుంది. నందిని నీలం ప్యాకెట్ టోన్డ్ పాలతో కూడా మంచి నురగే వస్తుంది. కాకపోతే 60–65 డిగ్రీల దగ్గర ఆపేయాలి, 70 దాటితే నురగ చెదిరి కాచిన పాల వాసన మొదలవుతుంది. పొగలు కక్కే కాఫీకి అలవాటుపడ్డ మన పెద్దవాళ్లకు ఇది చల్లగా అనిపిస్తుంది. కప్పును ముందే వేడినీళ్లతో కడిగి ఇస్తే చాలావరకు సరిపోతుంది. అత్తామామలు వచ్చి నాలుగు కప్పులు కావాల్సి వస్తే పాలు స్టవ్వు మీదే కాచుకోండి, తప్పేం లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ఈ పాఠానికి గుండెకాయ. బడ్జెట్ నూరు రూపాయలనుకుంటే నలభై గ్రైండరుకే తీసి పక్కన పెట్టండి. మిక్సీలో కొట్టిన పొడిలో సగం పిండి, సగం రవ్వ. అందులోంచి నీళ్లు ఒకచోట దూసుకుపోతాయి, ఒకచోట నిలిచిపోతాయి. ఎస్ప్రెస్సో కోసం సన్నసన్నగా సర్దుకునే మెట్లున్న చేతి గ్రైండరు అయితే గట్టు మీద చోటే అడగదు, సొరుగులో పడుకుంటుంది. అది ఇంకా లేకపోతే మెషిన్‌తో వచ్చే రెండు పొరల బాస్కెట్‌తో, అంటే పిడిలో పొడి పట్టే చిన్న గిన్నెతో, మొదలుపెట్టండి. దానికి అడుగున ఒకే సన్నటి రంధ్రం ఉంటుంది, పొడి కాస్త అటూ ఇటూ అయినా ఒత్తిడి నిలుపుతుంది. దాని వల్ల వచ్చే నురగను చూసి మాత్రం కాఫీ కుదిరిందనుకోవద్దు. వీధి చివరి కాఫీ వర్క్స్‌లో పొడి పట్టిస్తుంటే చికోరీ లేకుండా అడగండి. చికోరీ కలిసిన పొడి ఫిల్టరుకు బాగుంటుంది, ఇక్కడ ధారను మందగింపజేస్తుంది.

ఇక బెంగళూరులో మెషిన్‌ను చంపేది నీళ్లు. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లకు ఇబ్బంది తక్కువ. బోరు, ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో కుళాయి చుట్టూ పేరుకునే తెల్లటి సున్నం మీరు చూసే ఉంటారు. థర్మోబ్లాక్‌లోని సన్నటి దారిలో పేరుకునేదీ అదే. ఆర్వో నీళ్లు పోస్తే సున్నం బెడద తీరుతుంది, కానీ ఖనిజాలు మరీ తక్కువైతే కాఫీ చప్పగా, పుల్లగా దిగుతుంది. కొన్ని మెషిన్లలో నీటి మట్టం చూసే సెన్సర్ అంత పలచటి నీళ్లను గుర్తించదు కూడా. నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాల లెక్కను టీడీఎస్ అంటారు; కాఫీకి 75 నుంచి 250 టీడీఎస్ మధ్య నీళ్లు పనికొస్తాయి, 150 దగ్గర మేలు. ఆర్వో సర్వీసుకు వచ్చిన కుర్రాడిని అడిగి టీడీఎస్ స్క్రూను 80–100 దగ్గర పెట్టించుకోండి. ఆ స్క్రూ తిప్పితే శుద్ధి కాని బోరు నీళ్లే కలుస్తాయి గనక అంతకన్నా పైకి నేను పోను. రెండు మూడు నెలలకోసారి సున్నం వదిలించాలి. నిమ్మ ఉప్పు వాడొచ్చా, కంపెనీ మందే వాడాలా అన్నది మాన్యువల్ చూసి తేల్చుకోండి.

ఇవన్నీ చదివాక అసలు గట్టు మీద చోటే లేదని తేలిన వాళ్లు, పాలు లేకుండా తాగేవాళ్లు ఫ్లెయిర్ లాంటి చేతి లివర్ మెషిన్ చూడండి. కరెంటు అక్కర్లేదు, కెటిల్‌లో నీళ్లు కాచి పోసి చేత్తో నొక్కడమే. పని అయ్యాక అలమరలో పెట్టేయొచ్చు.

ఈ వారం అభ్యాసం. మీకు నచ్చిన మెషిన్ కొలతలకు సరిగ్గా ఒక అట్టపెట్టె కత్తిరించి, పెట్టాలనుకున్న చోట రెండు రోజులు ఉంచండి. దాని పక్కనే చపాతీ ఒత్తండి, మిక్సీ తిప్పండి, కుక్కర్ దించండి. పక్కకు జరపాల్సి వచ్చిన ప్రతిసారీ పెట్టె మీద ఒక గీత గీయండి. ఎడమ పక్క జానెడు, పైన రెండు జానలు ఖాళీ ఉన్నాయో లేవో టేపుతో చూసి దాని మీదే రాసిపెట్టండి. గీతలు ఎక్కువైతే చోటు మార్చి మళ్లీ ఉంచండి, ఆ తర్వాతే ఆర్డరు. నాలుగో పాఠంలో పొడి నొక్కడం మొదలుపెడతాం, 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం ఒకటి ఈలోపు తెచ్చి పెట్టుకోండి.