వెబ్ యాప్‌లో సపోర్ట్ చాట్ పెట్టడం: స్నిప్పెట్ అతికించాక మిగిలే అసలు పని

ఏ చాట్ సర్వీసు తీసుకున్నా డాష్‌బోర్డులో ఓ చిన్న స్నిప్పెట్ (కోడ్ ముక్క) ఇస్తుంది. కాపీ చేసి పేజీలో పెట్టి రిఫ్రెష్ కొడితే కుడివైపు కింద గుండ్రటి బటన్ వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని. అక్కడే ఆపేస్తే మాత్రం తర్వాత మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకరి సంభాషణ ఇంకొకరికి కనిపిస్తుంది, పేజీ బరువెక్కుతుంది, ఫోన్‌లో ఆ గుండ్రటి బటన్ వెళ్లి వెళ్లి మీ 'చెల్లించండి' బటన్ మీదే కూర్చుంటుంది. తర్వాతి రెండూ కంటికి కనిపించేవే కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. మొదటిది కస్టమర్ ఫిర్యాదు చేసేదాకా బయటపడదు. అందుకే ఈ గైడ్‌లో దానికే ఎక్కువ చోటు.

స్నిప్పెట్ ఎక్కడ

మామూలు సైటయితే బాడీ ట్యాగ్ ముగిసే ముందు, అసింక్ (స్క్రిప్ట్ దిగేదాకా పేజీ ఆగకుండా చేసే గుర్తు) పెట్టి, అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే లేఅవుట్ ఫైల్లో ఒక్కసారే పెట్టండి. రియాక్ట్, వ్యూ లాంటి వాటితో కట్టిన సింగిల్ పేజ్ యాప్ (పేజీ మళ్లీ లోడ్ కాకుండానే స్క్రీన్లు మారేది) అయితే రూట్ కాంపొనెంట్‌లో పెట్టాలి. ఒక్కో స్క్రీన్‌లో పెడితే స్క్రీన్ మారినప్పుడల్లా విడ్జెట్ (ఆ చాట్ బటన్, పెట్టె) మళ్లీ పుడుతుంది, రాస్తున్న సందేశం ఎగిరిపోతుంది. స్క్రీన్ మారిందని విడ్జెట్‌కు చెప్పడానికి దాని అప్‌డేట్ ఫంక్షన్ పిలిస్తే చాలు.

రియాక్ట్ స్ట్రిక్ట్ మోడ్‌లో డెవలప్‌మెంట్ సమయంలో ఎఫెక్టులు (స్క్రీన్ గీసిన తర్వాత నడిచే కోడ్) కావాలనే రెండుసార్లు నడుస్తాయి. దాంతో ఒకదానిమీద ఒకటి రెండు బటన్లు వస్తాయి. స్ట్రిక్ట్ మోడ్ తీసేయడం దీనికి మందు కాదు. స్క్రిప్ట్ ట్యాగ్‌కు ఒక ఐడీ ఇచ్చి, అది పేజీలో ఇప్పటికే ఉందేమో చూసి, లేకపోతేనే చేర్చండి. పేజీ సర్వర్‌లో రెండర్ అయ్యే యాప్‌లలో ఇంకో సంగతి: సర్వర్‌లో విండో ఆబ్జెక్టే ఉండదు కాబట్టి విడ్జెట్ కోడ్ అక్కడ ఎర్రర్ కొడుతుంది. బ్రౌజర్‌లో మాత్రమే నడిచే ఎఫెక్ట్ లోపలికి దాన్ని నెట్టేయండి.

స్టేజింగ్‌కూ (విడుదలకు ముందు పరీక్షించే చోటు) ప్రొడక్షన్‌కూ (అసలు యూజర్లు వాడేది) వేర్వేరు వర్క్‌స్పేస్‌లు తెరవండి. లేకపోతే టెస్టర్లు కొట్టిన 'హాయ్ హాయ్ టెస్ట్'కు సపోర్ట్ టీమ్ మర్యాదగా జవాబులిస్తూ కూర్చుంటుంది. యాప్ ఐడీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండాలి. అది బహిరంగమే, బ్రౌజర్‌లో కనిపించినా నష్టం లేదు. చాట్ సర్వీసు ఇచ్చే సీక్రెట్ కీ అలా కాదు, అది మీ సర్వర్ దాటకూడదు. ఫ్రంటెండ్ బిల్డ్‌లోకి వెళ్లే వేరియబుల్స్ అన్నీ చివరికి జావాస్క్రిప్ట్ ఫైల్లో అచ్చయి బయటికొస్తాయి, కాబట్టి ఆ కీని వాటి మధ్య ఎప్పుడూ పెట్టొద్దు.

మీ సైట్‌కు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ (ఏయే చోట్ల నుంచి కోడ్, ఫైళ్లు రావచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమాలు) ఉంటే స్నిప్పెట్ పెట్టినా బటన్ రాకపోవచ్చు. కన్సోల్ తెరిస్తే ఎర్ర గీతలు కనిపిస్తాయి. స్క్రిప్టులకు, ఫ్రేములకు, స్టైళ్లకు, ఫాంట్లకు, ఏజెంట్ల ఫొటోలకు, సందేశం వచ్చినప్పుడు మోగే శబ్దానికి, నెట్‌వర్క్ కనెక్షన్లకు విడివిడిగా అనుమతి ఇవ్వాలి. ఎక్కువమంది మరిచిపోయేది, సందేశాలు అప్పటికప్పుడు రావడానికి తెరిచి ఉంచే కనెక్షన్, వెబ్‌సాకెట్. కనెక్ట్ వరుసలో హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఒక్కటే రాస్తే సరిపోదు, డబ్ల్యూఎస్ఎస్ చిరునామా కూడా రాయాలి. అది లేకపోతే విడ్జెట్ చక్కగానే తెరుచుకుంటుంది, పాత సందేశాలూ కనిపిస్తాయి, కొత్తవి మాత్రం పేజీ రిఫ్రెష్ చేస్తే తప్ప రావు. ఈ లక్షణం కనిపిస్తే ముందు అక్కడే వెతకండి. విసుగొచ్చి నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ తలుపులు తెరిచేయకండి. ముందు, దేన్నీ అడ్డుకోకుండా నివేదిక మాత్రమే ఇచ్చే రిపోర్ట్-ఓన్లీ హెడర్‌తో కొన్నాళ్లు నడిపి, ఏమేం అడ్డుపడుతున్నాయో చూసి, వాటినే చేర్చండి.

ఎవరు మాట్లాడుతున్నారో ఖాయం చేసుకోవడం

లాగినైన యూజర్ ఐడీ, పేరు, ఈమెయిల్ విడ్జెట్‌కు పంపిస్తే ఏజెంట్‌కు అవతల ఎవరున్నారో తెలుస్తుంది. కానీ ఆ వివరాలు వెళ్లేది బ్రౌజర్ నుంచి. బ్రౌజర్‌లో ఉన్న దేన్నయినా కన్సోల్ తెరిచి మార్చేయొచ్చు. చాట్ సర్వీసు ఈమెయిల్‌ను గుడ్డిగా నమ్మితే, వేరేవాళ్ల ఈమెయిల్ టైప్ చేసినవాడికి వాళ్ల పాత సంభాషణంతా తెరుచుకుంటుంది. అందులో చిరునామాలుంటాయి, బిల్లుల స్క్రీన్‌షాట్లుంటాయి.

దీనికి విరుగుడు సర్వర్ సంతకం. చాట్ సర్వీసు ఇచ్చిన సీక్రెట్ కీతో, యూజర్ ఐడీ మీద, హెచ్‌మ్యాక్ ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (కీ, ఐడీ కలిపితే వచ్చే ముద్ర, కీ లేనివాళ్లు కట్టలేరు) మీ సర్వర్‌లో కట్టండి. హెక్స్ రూపంలో 64 అక్షరాలు వస్తాయి. దాన్ని ఐడీతో పాటు విడ్జెట్‌కు ఇస్తే, సర్వీసు తన దగ్గరున్న కీతో అదే లెక్క కట్టి పోల్చుకుంటుంది. కొన్ని సర్వీసులు దీని బదులు సంతకం చేసిన జేడబ్ల్యూటీ టోకెన్ (ఐడీ, గడువు, సంతకం కలిసిన అక్షరాల వరుస) అడుగుతాయి. దానికి గడువు ఉంటుంది కాబట్టి, తీరగానే కొత్తది తెచ్చే ఏర్పాటు కూడా రాయాలి.

సంతకం ఇచ్చే ఎండ్‌పాయింట్ (బ్రౌజర్ అడిగే సర్వర్ చిరునామా) రాసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ఐడీని రిక్వెస్ట్‌లో పారామీటర్‌గా తీసుకుని, దానిమీద సంతకం చేసి ఇచ్చేస్తారు. అంటే యూజర్ 1001గా లాగినైనవాడు 1002 అని పంపితే, 1002 పేరుతో అసలైన సంతకమే చేతికొస్తుంది. తాళం వేసి, అడిగినవాళ్లందరికీ తాళంచెవి పంచినట్టే. ఐడీ ఎప్పుడూ సర్వర్ సెషన్ నుంచే రావాలి. ఆ ఎండ్‌పాయింట్ బయటినుంచి ఏ ఐడీనీ తీసుకోకూడదు.

సంతకం సరిపోలడం లేదని ఎర్రర్ వస్తే కారణం సాధారణంగా వీటిలో ఒకటి:

- ఐడీ మీద కట్టాల్సిన లెక్క ఈమెయిల్ మీద కట్టారు, లేదా విడ్జెట్‌కు పంపిన విలువ ఒకటి, సంతకం చేసినది ఇంకొకటి. ఈమెయిల్ అయితే పెద్దక్షరాలు, చివరి ఖాళీ కూడా తేడా తెస్తాయి.
- ఫైల్ నుంచి చదివిన కీ చివర కొత్త లైన్ గుర్తు మిగిలిపోయింది. కంటికి కనిపించదు కాబట్టి ఇదే ఎక్కువసేపు తినేస్తుంది. కీ పొడవు ప్రింట్ చేసి చూడండి, ఒకటి ఎక్కువుంటే ఇదే.
- ఫంక్షన్‌లో కీ, సందేశం తారుమారయ్యాయి.
- హెక్స్ అడిగితే బేస్64 ఇచ్చారు.
- ప్రొడక్షన్‌లో స్టేజింగ్ కీ ఉంది.

సంతకం పంపడం మొదలుపెట్టినంత మాత్రాన రక్షణ వచ్చేసిందనుకోవద్దు. సంతకం లేని రిక్వెస్టులను తిరస్కరించే స్విచ్ చాలా సర్వీసుల డాష్‌బోర్డులో విడిగా ఉంటుంది. దాన్ని ఆన్ చేశాక, కన్సోల్‌లో సంతకంలో ఒక్క అక్షరం మార్చి విడ్జెట్‌ను తెరవండి. తెరుచుకోకూడదు. పాత సంభాషణ కనిపించిందంటే స్విచ్ ఇంకా ఆన్ కాలేదు.

లాగౌట్

విడ్జెట్ తన సెషన్‌ను తన సొంత కుకీలోనో లోకల్ స్టోరేజ్‌లోనో దాచుకుంటుంది. మీ యాప్ లాగౌట్ అయినా దానికి ఆ కబురు తెలియదు. ఒకే కంప్యూటర్ ఇద్దరు వాడే చోట మొదటివాళ్లు లాగౌట్ చేసి లేచాక, రెండోవాళ్లకు చాట్‌లో మొదటివాళ్ల సంభాషణ కనిపిస్తుంది. కాబట్టి లాగౌట్ నొక్కగానే ముందు విడ్జెట్ షట్‌డౌన్ ఫంక్షన్ పిలవాలి, అది పూర్తయ్యాకే వేరే పేజీకి పంపాలి. ఈ వరుస తిరగబడితే పేజీ ముందే మారిపోయి షట్‌డౌన్ సగంలో ఆగిపోతుంది.

సెషన్ గడువు తీరి దానంతటదే లాగౌట్ అయ్యే సందర్భంలో ఎవరూ ఏ బటనూ నొక్కరు. అందుకని లాగిన్ పేజీ తెరుచుకున్నప్పుడు కూడా షట్‌డౌన్ పిలవండి. పరీక్ష తేలిక: మొదటి ఖాతాతో లాగినై చాట్‌లో 'ఎరుపు' అని పంపి, లాగౌట్ చేసి, అదే బ్రౌజర్‌లో రెండో ఖాతాతో లాగినవ్వండి. ఎక్కడా ఎరుపు కనిపించకూడదు. గడువు తీరే దారిలోనూ ఇదే చేసి చూడండి.

పాస్‌వర్డ్ రీసెట్ పేజీలో అసలు విడ్జెట్టే వద్దు. చాలా విడ్జెట్లు కస్టమర్ ఏ పేజీలో ఉన్నారో ఏజెంట్‌కు చూపించడానికి పూర్తి యూఆర్ఎల్ పంపుతాయి. రీసెట్ లింకులో టోకెన్ ఉంటుంది కదా, అది కాస్తా మూడో కంపెనీ సర్వర్‌లో చేరుతుంది. లింకుతోనే లాగినయ్యే పేజీలకూ ఇదే వర్తిస్తుంది.

బరువు

చాట్ విడ్జెట్లు కొన్ని వందల కిలోబైట్ల జావాస్క్రిప్ట్ లాగడం మామూలే. అసింక్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు కొందరు. అసింక్ డౌన్‌లోడ్ వల్ల పేజీ ఆగకుండా చూస్తుందంతే. దిగిన కోడ్ నడిచేది మీ యాప్ నడిచే మెయిన్ థ్రెడ్ మీదే. పేజీ అనుభవాన్ని కొలిచే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్‌లో 2024 మార్చిలో చేరిన ఐఎన్‌పీ కొలత (నొక్కాక పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పేది) 200 మిల్లీసెకన్లలోపు ఉంటేనే మంచిదని లెక్క. సరిగ్గా యూజర్ మొదటి క్లిక్ కొట్టే వేళకు విడ్జెట్ నిద్రలేస్తే ఆ కొలత చెడుతుంది.

మంచి ఉపాయం ఉత్తుత్తి బటన్. మీ సొంత హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో ఒకటి రెండు కిలోబైట్లలో చాట్ బటన్ గీసి పెట్టండి. మౌస్ దాని మీదికి రాగానే అసలు స్క్రిప్ట్ దింపడం మొదలుపెట్టి, క్లిక్ కొట్టగానే తెరవండి. లోడయ్యేలోపు తిరిగే చక్రం చూపించండి, లేకపోతే జనం నాలుగుసార్లు నొక్కుతారు. దీనికో లోటుంది. స్క్రిప్ట్ లేనప్పుడు 'కొత్త సందేశం ఒకటి' అన్న ఎర్ర చుక్క కూడా రాదు. అందుకని సంభాషణ మొదలుపెట్టిన యూజర్లకు ఒక గుర్తు దాచుకుని, వాళ్లకు మాత్రం పేజీ కుదుటపడ్డాక అసలుదే లోడ్ చేయండి. కుదుటపడిందని తెలుసుకోవడానికి ఐడిల్ కాల్‌బ్యాక్ (బ్రౌజర్ ఖాళీగా ఉన్నప్పుడు నడిచే ఫంక్షన్) వాడేటట్టయితే, అది లేని బ్రౌజర్ల కోసం మూడు నాలుగు సెకన్ల టైమర్ ఉంచండి.

యాడ్ బ్లాకర్లు చాట్ స్క్రిప్టులనూ ఆపేస్తుంటాయి. స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చినా, 8 సెకన్లలో రాకపోయినా, అదే చోట మీ సపోర్ట్ ఈమెయిల్ లింకు చూపించండి. నొక్కితే ఏమీ జరగని బటన్ కన్నా అసలు బటన్ లేకపోవడమే నయం.

చోటు

విడ్జెట్లలో జెడ్-ఇండెక్స్ (ఏది దేని పైన కనిపించాలో చెప్పే సంఖ్య) 2147483647 అని తరచూ కనిపిస్తుంది. ధన, రుణ గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ సంఖ్య అది. దాని మీదికి మీ పాపప్‌ను ఎక్కించాలని తంటాలు పడొద్దు. పాపప్ తెరుచుకున్నప్పుడు విడ్జెట్‌ను దాచేసే ఫంక్షన్ పిలవండి. పేమెంట్ పేజీలో తేలే బటన్ తీసేసి, పైన 'సహాయం' అన్న లింకుతో చాట్ తెరిపించడమే మా సలహా.

ఫోన్‌లో చూసుకోవాల్సినవి వేరు. ఐఫోన్ సఫారీలో ఇన్‌పుట్ ఫాంట్ 16 పిక్సెళ్ల కన్నా తక్కువుంటే, దానిమీద నొక్కగానే పేజీ జూమ్ అయిపోతుంది. కింద గీత ఉండే ఐఫోన్లలో బటన్‌ను సేఫ్ ఏరియా విలువ మేర పైకి జరపాలి. చాట్ స్క్రీనంతా పరుచుకున్నప్పుడు చాలామంది మూసేయడానికి బ్యాక్ నొక్కుతారు, దాంతో పేజీయే వెనక్కి పోయి నింపిన ఫారం కాస్తా గల్లంతవుతుంది. తెరిచేటప్పుడు బ్రౌజర్ హిస్టరీలో ఒక ఎంట్రీ చేర్చి, బ్యాక్ నొక్కితే చాట్ మాత్రమే మూసుకునేలా చేయండి. కీబోర్డుతో వాడేవాళ్లకు ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, ఫోకస్ మళ్లీ బటన్ మీదికే రావాలి. బటన్‌కు బొమ్మ ఒక్కటే ఉంటే స్క్రీన్ రీడర్ చదవడానికి aria-label (కంటికి కనిపించని పేరు) ఇవ్వండి. వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేసే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు, వేలికి సుఖంగా ఉండాలంటే 44.

తెలుగు సందేశాలు వచ్చే యాప్ అయితే లైన్ హైట్ 1.5కు తగ్గనీయకండి, తగ్గితే వత్తులు కింది వరుసకు తగులుతాయి. ఇన్‌పుట్ మెథడ్‌తో (ఇంగ్లీషు కీలను తెలుగు అక్షరాలుగా మార్చే సాధనంతో) టైప్ చేసేవాళ్లు పదం ఖాయం చేయడానికి ఎంటర్ నొక్కితే సగం సందేశం వెళ్లిపోయే జబ్బు కొన్ని చాట్‌లకు ఉంది. సొంతంగా రాస్తుంటే ఎంటర్ ఈవెంట్‌లో ఈజ్-కంపోజింగ్ (పదం ఇంకా ఖాయం కాలేదని చెప్పే విలువ) చూసి, నిజమైతే పంపకండి.

సొంతంగా కట్టాలనుకుంటే

మొదటి రోజే వద్దు. డేటా మీ సర్వర్‌లోనే ఉండాలన్నది సమస్య అయితే చాట్‌వూట్ లాంటి ఓపెన్ సోర్స్ సరుకు ఉంది. అయినా కట్టి తీరాలంటే ముందుగా ఎదురయ్యేది ఇది: ఎన్‌జిన్‌ఎక్స్ (యాప్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్) వెనక వెబ్‌సాకెట్ సరిగ్గా నిమిషం మౌనంగా ఉంటే తెగిపోతుంది, ఎందుకంటే ప్రాక్సీ రీడ్ టైమవుట్ డిఫాల్టుగా 60 సెకన్లు. సర్వర్ నుంచి ప్రతి 25 సెకన్లకు ఒక పింగ్ పంపితే తెగదు. తిరిగి కనెక్టయ్యేటప్పుడు వ్యవధి పెంచుకుంటూ పోండి, కొంచెం యాదృచ్ఛికంగా కూడా ఉంచండి. లేకపోతే సర్వర్ రీస్టార్టయిన క్షణాన అందరూ ఒకేసారి మీద పడతారు. ప్రతి సందేశానికీ బ్రౌజర్‌లోనే ఒక ఐడీ ఇవ్వండి. జవాబు రాక మళ్లీ పంపినా సర్వర్ ఆ ఐడీ చూసి రెండోదాన్ని పారేస్తుంది. వరుస మాత్రం సర్వర్ ఇచ్చిన నంబరుతోనే చూపించాలి, ఫోన్ల గడియారాలను నమ్మలేం. సందేశాన్ని హెచ్‌టీఎంఎల్‌గా కాక టెక్స్ట్‌గానే చూపించండి. స్క్రిప్ట్ ట్యాగ్ పంపినవాడి దెబ్బ తగిలేది మీ ఏజెంట్ స్క్రీన్‌కే, అక్కడ అందరి సంభాషణలూ తెరిచి ఉంటాయి.

విడుదల

విడ్జెట్‌ను ఫీచర్ ఫ్లాగ్ (కోడ్ మార్చకుండా ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక పెట్టి, ముందు కొద్దిమంది యూజర్లకే ఆన్ చేయండి. చాట్ సర్వీసు పడిపోయిన రోజు కొత్త డిప్లాయ్ అక్కర్లేకుండా ఆపేయగలగాలి. సపోర్ట్ టీమ్ పనివేళలు సెట్ చేసి, ఆ వేళల బయట చాట్‌లో 'జవాబు రేపు ఈమెయిల్‌కు వస్తుంది' అని చూపించి ఈమెయిల్ అడగండి. యూజర్ ప్లాన్, యాప్ వెర్షన్, చివరిసారి వచ్చిన ఎర్రర్ ఐడీ కూడా ఏజెంట్‌కు పంపితే, మొదటి మూడు ప్రశ్నలు అడిగే పని వాళ్లకు తప్పుతుంది. ఎవరైనా ఖాతా తొలగించమంటే మీ డేటాబేస్ ఒక్కటే తుడిచి ఊరుకోవద్దు. చాట్ సర్వీసులో మిగిలిన సంభాషణలు తుడిచే ఏపీఐ కాల్‌ను కూడా ఆ జాబ్‌లోనే చేర్చండి.