అటకెక్కిన పాత కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయడం ఎలా?

ముప్పై నలభై ఏళ్ల నాటి కంప్యూటర్ ఒకటి చేతికి దొరికితే మనసు ఆగదు. ప్లగ్ పెట్టి స్విచ్ వేసి, బతికుందో లేదో చూసేయాలనిపిస్తుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అనేది ఇలాంటి చోటే. ఇన్నేళ్లూ పెట్టెలో పదిలంగా ఉన్న చిప్పులు పాత అడాప్టర్ పుణ్యమా అని ఒక్క నిమిషంలో పోవచ్చు. అలా ఒక మెషీన్‌ను చేజేతులా పోగొట్టుకున్నాకే నాకు ఓపిక అబ్బింది. ఒక సాయంత్రం మొత్తం దీనికే పెట్టుకోండి. స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాటన్ బడ్స్ ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు.

ముందు మూత తీయండి

ఇంకా కరెంటు జోలికి పోవద్దు. మూత తీస్తూ, ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ వైరు ఎటు తిరిగి ఉందో గుర్తుంటుందనే అనుకుంటాం. ఉండదు.

ఒక్క హెచ్చరిక. పాత చిన్న మాకింతోష్‌లలా మానిటర్ కలిసే ఉన్న మెషీన్లను తెలిసినవాళ్లు పక్కన లేకుండా తెరవకండి. వాటి పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా చార్జి మిగిలి ఉండొచ్చు. పవర్ సప్లై డబ్బా విషయంలోనూ అంతే.

మూత తీయగానే వెతకాల్సింది బ్యాటరీ. 286, 386 ప్రాసెసర్లున్న పాత పీసీ బోర్డుల్లో చాలావాటి మీద, కమడోర్ కంపెనీ అమిగా 2000, 4000 లాంటి కంప్యూటర్లలో, గడియారం నడవడానికి చిన్న పీపాలా ఉండే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని సోల్డర్ చేసి పెట్టేవారు. కాలం గడిచాక అది కారుతుంది. ఆ కారిన క్షారం బోర్డు మీది రాగి గీతల వెంట పాకి, సాకెట్ల కిందికి చేరి, లోహాన్ని తినేస్తుంది. పచ్చటి చిలుము కనిపిస్తే అదే. బ్యాటరీ చూడటానికి బాగానే ఉన్నా కట్టర్‌తో కత్తిరించి తీసేయండి. ఇవాళ కాకపోతే రేపు కారుతుంది. తర్వాత కాటన్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి చిలుము ఉన్నచోట అద్దండి. క్షారానికి విరుగుడు ఆమ్లమే. కాసేపాగి నీళ్లతో, ఆపైన ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కొన్ని మాకింతోష్‌లలో ఉండే లిథియం బ్యాటరీ హోల్డర్‌లో ఉంటుంది, తీయడం తేలిక. అందులోనే ఉంచేసినందుకు బోర్డుతో పాటు లోపలి రేకు కూడా తుప్పుపట్టిపోయిన మెషీన్లు ఎన్నో.

అడాప్టర్‌ను నమ్మకండి

అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంది. 1982లో వచ్చిన కమడోర్ 64నే తీసుకోండి. దాని అడాప్టర్ ఇటుకంత బరువుంటుంది. రెండు రకాల కరెంటు ఇస్తుంది: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. వోల్టేజీని నిలకడగా ఉంచే లోపలి రెగ్యులేటర్ పాతబడి చెడిపోయినప్పుడు 5 వోల్టులు ఇవ్వాల్సిన చోట అంతకంటే ఎక్కువ వదులుతుంది. దానికి ముందుగా బలయ్యేది మెమరీ చిప్పులు. అందుకే కంప్యూటర్‌కు తగిలించకముందే మల్టీమీటర్‌తో చూడండి. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అలాగని రీడింగ్ బాగుంటే గండం గడిచినట్టు కాదు. ఖాళీగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే అడాప్టర్, లోడు పడి వేడెక్కాక దారి తప్పొచ్చు. నన్నడిగితే, పాతదాన్ని పక్కన పెట్టేసి కొత్తగా తయారైనది వాడటమే మేలు.

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌తో ఇంకో తిరకాసు. దానికి 9 వోల్టులు కావాలి, కానీ పిన్ను మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్. ఇప్పటి అడాప్టర్లు చాలావరకు దీనికి సరిగ్గా తలకిందులు. సాకెట్‌లో పట్టింది కదా అని పెట్టేయకండి.

పవర్ సప్లై లోపలే ఉండే బీబీసీ మైక్రో లాంటి కంప్యూటర్లలో రిఫా అనే బ్రాండు కెపాసిటర్లు ఉంటాయి. పసుపుపచ్చగా, పారదర్శకంగా ఉండే పైపొర మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఆ పగుళ్ల గుండా లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. స్విచ్ వేసిన కాసేపటికి ఫట్‌మని, తెల్లటి పొగ, ముక్కు పగిలే వాసన. గది వదిలిపెట్టదు ఆ వాసన. మామూలుగా కంప్యూటర్‌కు ఏమీ కాదు, మనకే టెన్షన్. సోల్డరింగ్ వచ్చినవాళ్ల చేత ఎక్స్2 రకం (ఇంటి కరెంటు లైనుకు తగినవి) కొత్త కెపాసిటర్లు ముందే వేయించేస్తే సరి.

ఇప్పుడు స్విచ్ వేయండి

డిస్క్ డ్రైవులు, అదనపు కార్డులు అన్నీ తీసేయండి. ఒక చెయ్యి స్విచ్ మీదే ఉంచి, పది సెకన్లు చూడండి. వాసన గానీ చిటపట గానీ వస్తే వెంటనే ఆపేయండి. తెర నల్లగానే ఉంటే కంగారు పడొద్దు. తప్పు టీవీదీ కావొచ్చు, పాత యాంటెన్నా సిగ్నల్‌ను పట్టుకోలేని కొత్త టీవీలు ఉన్నాయి. అది కాదనుకుంటే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, సాకెట్లలో ఉన్న చిప్పులను ఒక్కొక్కటిగా మెల్లగా పైకి లేపి మళ్లీ నొక్కండి. కాళ్లకు పట్టిన పొర రాలిపోయి, ఎన్నో మెషీన్లు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటాయి. చిప్పు మీది గంటు ఎటువైపు ఉందో మాత్రం చూసుకోండి. తిప్పి పెడితే అంతే సంగతులు.

కమడోర్ 64 అయితే, నీలం తెర మీద "38911 బేసిక్ బైట్స్ ఫ్రీ" అని వస్తుంది. 64 కిలోబైట్లంటే 65,536 బైట్లు కదా, మిగతావి పోయాయేమో అని భయపడకండి. బేసిక్ భాషకు, తెరకు, ఇతర పనులకు తీసేయగా మిగిలింది అంతే. ఆ అంకె తగ్గి కనిపిస్తేనే మెమరీని అనుమానించాలి.

ఫ్లాపీల తొందర ఇంకా వద్దు. డిస్కు మీద బూజు మచ్చలుంటే డ్రైవులో పెట్టగానే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టే మంచి డిస్కులను కూడా గీకేస్తుంది. హెడ్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, పోయినా పరవాలేదనుకునే డిస్కుతో మొదలుపెట్టండి. చదవగలిగిన ప్రతి డిస్కుకూ అప్పటికప్పుడే కాపీ తీసేయండి. రెండోసారి చదువుతుందన్న గ్యారంటీ లేదు. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఉంది కానీ, ఆ పసుపు మళ్లీ తిరిగి రావచ్చు. నేనైతే దాని జోలికి పోను.

మూత బిగించే ముందు ఒక చీటీ రాసి లోపల అంటించండి: ఏ తేదీన ఏ కెపాసిటర్ మార్చారో, బ్యాటరీ తీసేశారో లేదో, అడాప్టర్ ఎన్ని వోల్టులు ఇచ్చిందో. పదేళ్ల తర్వాత దాన్ని విప్పేది మీరే అయినా, ఇవేవీ మీకు గుర్తుండవు.