పొదల్లో పని, 4వ పాఠం: లాంటానాను వేరు దగ్గర తెంచడం

లాంటానా మన అడవుల్లో మొక్కలను కమ్మేసే, బయటి దేశాల నుంచి వచ్చిన కలుపు పొద. నరికినా అది చావదు. వానలు పడగానే మొద్దు చుట్టూ కొత్త కొమ్మలు లేచి, పొద మునుపటికన్నా గుబురవుతుంది. కాండం వేరుతో కలిసే చోట చిగుళ్లు పుట్టే కణుపు ఉంటుంది. అది నేలలో మిగిలితే పడ్డ శ్రమంతా వృథానే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో అనుసరించిన పద్ధతికి ఆధారం ఇదే: తల్లివేరును నేలమట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తెంచాలి.

ముందు అనుమతి. హైదరాబాద్‌లోని కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అక్కడ ఏ మొక్క తీయాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. రిజర్వు ఫారెస్టులోనూ అడక్కుండా పార పట్టొద్దు.

తొలకరికి నేల మెత్తబడ్డాక, కాయలు నల్లబడకముందు మొదలుపెట్టండి. అప్పటికే పండ్లుంటే ముందుగా వాటిని సంచిలోకి తెంపుకోండి. పొదను పొడవాటి కర్రతో తట్టి కాసేపు ఆగండి. లోపల రక్తపింజరి ఉండొచ్చు, కందిరీగల తుట్టె ఉండొచ్చు. పిట్టగూడు కనబడితే ఆ పొదను పిల్లలు ఎగిరిపోయేదాకా వదిలేయండి.

తర్వాత లోపల చిక్కుకున్న మన మొక్కలను వెతకండి. ఇక్కడ తొందరపడితే తీరని నష్టం. లాంటానా ఆకులు గరుకుగా, ఎదురెదురుగా ఉంటాయి, నలిపితే ఘాటు వాసన వస్తుంది, కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. బలుసుకూ ఆకులు ఎదురెదురే, కానీ నున్నన, ముళ్లు జతలుగా నిటారుగా ఉంటాయి. పరికి ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఈ రెంటికీ, వేప మొలకలకూ రంగు గుడ్డపీలిక కట్టండి. లాంటానా పోయాక పిట్టలకు దొరికే పండ్లు వీటివే.

పొదకు ఇద్దరు, జట్టుకూ జట్టుకూ మధ్య 3 మీటర్ల ఎడం. ఒకరు ఒక పక్క కొమ్మలు కోసి మొదలు దాకా దారి చేయాలి. కాండాలను మాత్రం నడుమెత్తున ఉంచాలి, ఎత్తడానికి పట్టు అవే. రెండోవారు మొదలు చుట్టూ మట్టిని చేత్తో తప్పించి, గడ్డపారను ఏటవాలుగా దించి తల్లివేరును ఒకే దెబ్బలో తెంచాలి. తెగిందంటే పొద మొత్తం కదులుతుంది. పంగకర్రతో ఎత్తి, వేరు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా బండ మీద పెట్టండి. తడి నేల మీద పడేస్తే నేలను తాకిన కణుపుల దగ్గర మళ్లీ వేళ్లు పుడతాయి.

చాలామంది గొయ్యి పెద్దగా తవ్వేస్తారు. మట్టి ఎంత తిరగబడితే నేలలో నిద్రపోతున్న గింజలు అంతగా మొలుస్తాయి. తీసిన మట్టి వెంటనే పూడ్చి, కాలితో తొక్కి, రాలిన ఆకులు కప్పండి. వాలు మీద ఒక్కసారే ఖాళీ చేయకండి, అడ్డంగా ఒక పట్టీ తీసి ఒక పట్టీ ఉంచితే వానకు మట్టి కొట్టుకుపోదు.

తర్వాతి మూడు వారాలకు మీ పని: తీసిన చోటుకు దగ్గరున్న, పిట్టలు వాలే చెట్ల కింద వారానికోసారి చూడండి. పండ్లు తిన్న పిగిలిపిట్టలు గింజలు వదిలేది అక్కడే. నాలుగైదు ఆకుల మొలకలు తడి నేలలోంచి రెండు వేళ్లతో వచ్చేస్తాయి. ఖాళీ అయిన పట్టీల కొలతలు రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో అక్కడ వాయిలి, బలుసు నాటేందుకు అవి కావాలి.