గడీ చూడబోతే ముందు పెరటి దారి అడగండి

పాత దొరల ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది తిన్నగా ముందు హాల్లోకి పోతారు. గోడల మీది ఫొటోలు, కత్తులు, ఉయ్యాల చూస్తారు, నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. పెరటి దారి ఎటో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మా నాయనమ్మ నల్లగొండ దిక్కు ఒక గడీలో వెట్టి చేసిన మనిషి. నీళ్లు మోసింది, వడ్లు దంచింది, పండగ వస్తే గోడలకు సున్నం పూసింది. ముందు దర్వాజ దాటి లోపలికి పోయింది మాత్రం లేదు. ఆ ఇంటిని నిలబెట్టిన చేతులు ఎవరివో తెలియాలంటే వాళ్లు నడిచిన దారిలోనే మనమూ నడవాలి.

బయలుదేరే ముందు ఒక ఫోన్ చేయండి. మన దగ్గరి పాత భవనాలన్నీ టికెట్ కొని చూసేవి కావు. వనపర్తి రాజావారి భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. గద్వాల కోటలో గుడీ ఉంది, కాలేజీ కూడా ఉంది. ఇలాంటి చోట గేటు దగ్గర అనుమతి అడిగి, క్లాసులకు అడ్డం రాకుండా చూడాలి. పోచంపల్లిలో నూటొక్క దర్వాజల ఇల్లు ఉంది. అక్కడికీ ముందు కనుక్కునే వెళ్లండి, తాళం చూసి తిరిగి రావడం పెద్ద టెన్షన్.

దసరా నుంచి సంక్రాంతి లోపల అయితే మేలు. ఎండ తక్కువ, చెట్లు పచ్చగా ఉంటాయి. దసరా రోజుల్లో పాలమూరు దిక్కు పోతే సీతాఫలాల కాలం కూడా. బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది, దారిలో గంపలు కనిపిస్తే కొనుక్కోండి.

పెరట్లో మొదట బావి దగ్గర ఆగండి. ఒరల అంచు మీద చేయి వేసి చూస్తే తాడు ఒరిసి పడిన గాట్లు వేలికి తగులుతాయి. రాయి అంత లోతుగా అరిగిందంటే ఎన్ని చేదలు లాగి ఉంటారో పిల్లలనే ఊహించమనండి. మోట బావి అయితే ఎడ్లు నడిచే ఏటవాలు బాట కోసం వెతకండి. ఆ తర్వాత నీళ్ల వెంట నడవండి. తొట్టి నుంచి కాలువ ఎటు పోయింది, ఏ మడి తడిసింది, స్నానాల నీళ్లు ఏ అరటి మొదట్లో పడ్డాయి? తోట వేసిన తీరంతా ఆ కాలువలోనే ఉంటుంది. పూజకు కావలసిన మందార, నందివర్ధనం, పారిజాతం ఇంటికి దగ్గరగా పెడతారు, చింతచెట్టు దూరంగా ఉంటుంది. లాన్ గడ్డి, వరసగా క్రోటన్లు కనిపిస్తే అవి ఎప్పుడు పెట్టారో తోటమాలిని అడగండి. పాత చెట్టు ఏదో, కొత్తది ఏదో అతనికి తెలిసినంతగా బోర్డు మీద రాసి ఉండదు. పువ్వు మాత్రం తెంపకండి.

అక్కడి నుంచి వంటింట్లోకి, ధాన్యం అర్రలోకి వెళ్లండి. నా లెక్కన ఇల్లంతటిలో ముఖ్యమైన చోటు ధాన్యం అర్రే. ధాన్యం నిలవచేసే గుమ్ములు అంత పెద్దవి ఎందుకు, అన్ని వడ్లు ఎవరి పొలాల నుంచి వచ్చాయి అని అడిగితే కథ గోడలు దాటి ఊళ్లోకి వస్తుంది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ జిల్లాలో సాయుధ పోరాటం జరిగింది భూమి కోసం, వెట్టిని పోగొట్టడం కోసం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు గాంధేయవాది వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఉన్నవాళ్లు భూమి లేనివాళ్లకు ఇచ్చే భూదాన ఉద్యమం అక్కడే మొదలైంది. పోచంపల్లి వెళ్తే దర్వాజల ఇంటితో పాటు వినోబా మందిరం కూడా చూడండి. ఒకే ఊళ్లో రెండూ చూస్తే భూమి సంగతి పిల్లలకు బాగా అర్థమవుతుంది.

ముందు హాలు చివరికి పెట్టుకోండి. అప్పటికి మీకు అడగడానికి ప్రశ్నలు ఉంటాయి. అరుగు మీద ఎవరు కూర్చునేవారు, కింద ఎవరు నిలబడేవారు, చెప్పులు ఎక్కడ విడిచేవారు?

వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని తీసుకెళ్లండి. మెట్లు ఎక్కించకండి, భవంతి నడుమ నీడలో ఒక కుర్చీ అడిగి వేయించండి. "అమ్మమ్మా, ఇది దేనికి వాడేటోళ్లు?" అని మనవలతో అడిగించి, ఫోన్‌లో రికార్డు పెట్టండి. తిరగలి, రోలు, కవ్వం చూస్తే వాళ్లకు మాటలు వాటంతటవే వస్తాయి. మధ్యలో మీరు సరిచేయకండి.

గోడలకు ఆనుకుని నిలబడొద్దని పిల్లలకు ముందే చెప్పండి. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడకు తేమ బయటికి పోవాలి. దాని మీద సిమెంటు అతుకు వేస్తే తేమ లోపలే ఆగి, చుట్టుపక్కల పూత పెచ్చులు ఊడుతుంది. అలాంటి చోటు కనిపించినా, మిద్దె గోడ పగుల్లో రావి మొక్క మొలిచినా ఫొటో తీసి అక్కడి బాధ్యులకు చూపించండి. వేరు దిగకముందు అయితే ఒక మనిషి చేత్తో పీకేయవచ్చు. సందర్శకుల పుస్తకం ఉంటే అందులో "చాలా బాగుంది" అని రాసి వదిలేయకండి, ఏ గోడో, ఏ మూలో తేదీతో సహా రాయండి.