అమెరికన్ సాహిత్యం క్లాసులో మొదటి పరిశోధన వ్యాసం: కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థులకు సూచనలు

అమెరికాలో డిగ్రీ చదవడానికి వచ్చే తెలుగు విద్యార్థుల్లో చాలామంది కంప్యూటర్ సైన్సో, ఇంజనీరింగో, బిజినెస్సో ఎంచుకుంటారు. అయినా అండర్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో చేరినవారికి, సబ్జెక్టు ఏదైనా, రచనాభ్యాసం కోర్సు ఒకటి, చాలా యూనివర్సిటీల్లో దానికి తోడు సాహిత్యమో చరిత్రో తత్వశాస్త్రమో ఒకటి చదవక తప్పదు. వేళలు కుదిరాయన్న కారణంతో ఆధునిక అమెరికన్ సాహిత్యం కోర్సులో పేరు నమోదు చేసుకున్న విద్యార్థికి, సెమిస్టరు మొదలైన కొద్ది వారాలకే ఐదారు పేజీల విశ్లేషణ వ్యాసం, చివర్లో దానికి రెట్టింపు పొడవున్న పరిశోధన వ్యాసం ఎదురవుతాయి. ఈ సూచనలు ప్రధానంగా వారికోసం. ఇంగ్లీషు ఎం.ఏ. చేయడానికి వచ్చిన కొద్దిమందికీ ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

మన కాలేజీల్లో సాహిత్యం పరీక్షకు మనం నేర్చుకున్న జవాబుకు ఒక వరస ఉంది: రచయిత పరిచయం, కథాసారాంశం, పాత్రల స్వభావం, ఆఖరున రచయితను మెచ్చుకుంటూ ఒక వాక్యం. అదే వరసలో ఇక్కడ రాస్తే, భాషలో ఒక్క తప్పూ లేకపోయినా, ‘సారాంశం బాగుంది, మీ వాదం ఏది?’ అన్న వ్యాఖ్యతో వ్యాసం తిరిగివస్తుంది. కథ ఏమిటో ప్రొఫెసరుకు తెలుసు, పక్కన కూర్చున్న విద్యార్థికీ తెలుసు. చదువుతున్నప్పుడు మీరు దేన్ని గమనించారు, దానినుంచి ఏ నిర్ణయానికి వచ్చారు, అదే పుస్తకాన్ని చదివిన మరొకరు ఆ నిర్ణయాన్ని ఎందుకు ఒప్పుకోవాలి అన్నవి చెప్పడానికే వ్యాసం. బడిలో తెలుగు పద్యాలు చదువుకున్నవారు ఇందుకు కంగారుపడనక్కరలేదు. కర్త ఎక్కడుంది, ఈ విశేషణం దేనికి చెందుతుంది, సమాసం ఎక్కడ విడుతుంది అంటూ ఒక్కో పదం దగ్గర ఆగి ప్రతిపదార్థం రాసిన అలవాటు మనకుంది. ఇక్కడ క్లోజ్ రీడింగ్ అని పిలిచే పనికి కావలసిన ఓపిక, చూపు ఆ అలవాటులోనే ఉన్నాయి. పక్కన పెట్టవలసింది తాత్పర్యాన్ని. ఈ విషయంలో తెలుగు విద్యార్థి ఎవరికీ తీసిపోడని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. అమెరికన్ రచయిత హెమింగ్వే 1927లో ప్రచురించిన ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ అన్న చిన్న కథ ఇక్కడి క్లాసుల్లో తరచూ పాఠంగా వస్తుంది. స్పెయిన్‌లో ఎబ్రో నది లోయలో ఒక రైల్వే స్టేషను. బార్సిలోనా నుంచి మాడ్రిడ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ రావడానికి నలభై నిమిషాలుంది. ఒక అమెరికన్, ఒక యువతి బీరు తాగుతూ మాట్లాడుకుంటారు. ఆమె గర్భస్రావం చేయించుకోవాలని అతను ఒత్తిడి చేస్తుంటాడు, అయితే ఆ మాట కథ మొత్తంలో ఎక్కడా రాదు. ఇంతవరకు చెబితే సారాంశం. ఇక ప్రతిపదార్థం రాసే చూపుతో చదవండి. ఆమెను కథకుడు మొదటినుంచి చివరిదాకా ‘అమ్మాయి’ అనే అంటాడు. జిగ్ అన్న పేరు అతని నోటి నుంచే వినిపిస్తుంది, అదీ ఆపరేషను ఏమంత పెద్దది కాదని నచ్చజెప్పే సందర్భంలోనే. స్టేషనుకు ఒకవైపు చెట్టూ నీడా లేవు. మరోవైపు పంట పొలాలు, నది ఒడ్డున చెట్లు ఉన్నాయి. లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఆ రెండో వైపు చూసేది ఆమె. చివర్లో అతను సామాను స్టేషనుకు అవతలివైపున్న పట్టాల దగ్గర పెట్టి, తిరిగి వస్తూ బారులో ఒంటరిగా ఒక గ్లాసు తాగుతాడు. అక్కడి జనాన్ని చూస్తాడు. వాళ్లందరూ ‘రీజనబ్లీ’, అంటే బుద్ధిగా, సబబుగా, రైలు కోసం ఎదురుచూస్తున్నారని కథ చెబుతుంది. కథ నిండా కథకుడు ఎవరి పక్షమూ తీసుకోకుండా కళ్లకు కనిపించేదీ చెవులకు వినిపించేదీ మాత్రమే చెబుతూ వచ్చాడు. మరి ఈ క్రియావిశేషణం ఎవరిది? బయట కూర్చున్న అమ్మాయి సబబుగా లేదని అనుకుంటున్న ఆ మనిషిదే అయితే, తటస్థంగా ఉన్న కథనం ఒక్క పదంలో అతని మనసులోకి దిగి, అతను తన మొండితనాన్నే వివేకం అనుకుంటున్నాడని మనకు చూపించి బయటికి వచ్చేసింది.

ఇప్పుడు మీ చేతిలో వాదం ఉంది. ‘ఈ కథలో హెమింగ్వే స్త్రీపురుష సంబంధాల్లోని సంఘర్షణను చిత్రించాడు’ అన్నది థీసిస్ (వ్యాసం నిలబెట్టవలసిన ప్రధాన వాదం) కాదు, ఎందుకంటే దాన్ని కాదనేవారు ఎవరూ ఉండరు. ‘తటస్థంగా కనిపించే కథనం చివర్లో ఒక్క క్షణం ఆ పురుషుడి దృష్టిని అరువు తెచ్చుకుంటుంది, ఆ అరువు ద్వారానే అతన్ని విమర్శిస్తుంది’ అన్నది థీసిస్, ఎందుకంటే ఆ పదం అతనిది కాదు, కథకుడిదే అని ఒక మంచి పాఠకుడు వాదించగలడు. అలా వాదించేవారికి వ్యాసంలోనే చోటిచ్చి, వారికి మీ సమాధానం చెప్పాలి. ప్రతిపక్షపు మాట ఎత్తితే మన వాదం బలహీనపడుతుందన్న భయం మన విద్యార్థుల్లో ఎక్కువ. ఇక్కడి ప్రొఫెసర్లు మాత్రం దానికోసమే వెతుకుతారు. థీసిస్‌ను మొదటి పేరా చివర్లో స్పష్టంగా పెట్టండి, తర్వాతి ప్రతి పేరాలో ఒక గమనింపు, దానికి ఆధారంగా పాఠంలోని మాట, ఆ మాట మీ వాదాన్ని ఎలా నిలబెడుతుందో చెప్పే రెండు మూడు వాక్యాలు ఉండేలా చూసుకోండి. కోట్ చేసిన వాక్యం దానంతటదే ఏమీ నిరూపించదు. కథలో జరిగే సంగతులను వర్తమాన కాలంలో రాయడం ఇక్కడి సంప్రదాయం. రచయిత జీవితంలో, చరిత్రలో జరిగినవాటికి మాత్రం భూతకాలం.

పరిశోధన వ్యాసం అన్నప్పుడు దీనికి రెండు కొత్త బాధ్యతలు చేరతాయి: పుస్తకం పుట్టిన కాలాన్ని తెలుసుకోవడం, దాన్ని గురించి ఇదివరకు మాట్లాడినవారితో మాట కలపడం.

కాలం సంగతి ముందు. 1925లో వచ్చిన ఫిట్జ్‌జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ని డబ్బు, ప్రేమ, అమెరికన్ కల అన్న మూడు మాటలతో చదివి వదిలేయడం పరిపాటి. మొదటి అధ్యాయంలో భోజనాల బల్ల దగ్గర టామ్ బ్యుకానన్ అన్న ధనికుడు, తెల్లజాతి మునిగిపోతోందని ఒక పుస్తకం చదివి ఆవేశపడతాడు. ఆ ప్రస్తావన వెనక తెల్లజాతి ఆధిపత్యవాది లోత్రాప్ స్టోడర్డ్ 1920లో ప్రచురించిన రచన ఉంది. నవల కథ నడిచేది 1922 వేసవిలో. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, భారతదేశం నుంచి వలస వచ్చిన భగత్‌సింగ్ థింద్ కేసులో, చట్టం చెప్పే అర్థంలో భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు ఇచ్చింది. 1924 ఇమ్మిగ్రేషన్ చట్టం ఆసియావాసుల వలసను దాదాపు మూసివేసింది. ఆ మరుసటి ఏడాదే నవల వెలువడింది. మన దేశం నుంచి వచ్చిన విద్యార్థికి ఈ తేదీలు ఊరికే చదివి దాటిపోయేవి కావు. అయితే తేదీలు పక్కపక్కన పేర్చినంత మాత్రాన అది వాదం కాదు. నవల టామ్‌ను వెటకారం చేస్తుందన్నది సులువుగా కనిపించే సంగతి; నాలుగో అధ్యాయంలో వంతెన మీద, తెల్లజాతి డ్రైవరు నడిపే కారులో కూర్చున్న నల్లజాతివారిని చూసి కథకుడు నిక్ పెద్దగా నవ్విన చోట, ఆ వెటకారం నిక్ దాకా వెళుతుందా, ఆగిపోతుందా? ఇలాంటి ప్రశ్న దగ్గర చరిత్రా పాఠమూ కలుస్తాయి. ఈ నవల 2021 జనవరి 1న అమెరికాలో కాపీరైటు నుంచి బయటపడింది కాబట్టి ఉచితంగా చదువుకోవచ్చు. కానీ పేజీ సంఖ్యలు ఇవ్వడానికి మాత్రం సిలబస్‌లో (కోర్సు పుస్తకాలు, నియమాలు చెబుతూ ప్రొఫెసరు ఇచ్చే పత్రంలో) చెప్పిన ప్రతినే వాడండి.

విమర్శకుల సంగతికి వస్తే, వారి మాటలను మీ వాదానికి అలంకారంగా అతికించవద్దు. ఎవరు, ఏ సంవత్సరంలో, ఎవరికి జవాబుగా రాశారో చూడండి. నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ 1937లో వచ్చినప్పుడు, దానిలో చెప్పుకోదగ్గ ఇతివృత్తమే లేదని రిచర్డ్ రైట్ ‘న్యూ మాసెస్’ పత్రికలో ఘాటుగా రాశాడు. ఆయనా నల్లజాతి రచయితే. సాహిత్యం నిరసన స్వరం వినిపించాలని కోరుకున్నవాడు. హర్స్టన్ 1960లో పేదరికంలో మరణించింది. 1973లో తర్వాతి తరం నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌కు వెళ్లి, గుర్తు కూడా లేని ఆమె సమాధిని వెతికి రాయి పెట్టించింది. 1975లో ‘మిస్’ పత్రికలో ఆ ప్రయాణం గురించి రాసింది. 1978లో నవల మళ్లీ అచ్చయింది. రైట్ సమీక్షను, ఆ తర్వాతి తరం విమర్శను ఒకే వరసలో కోట్ చేస్తే ఈ కథంతా మాయమవుతుంది. ఈ నవలలోని సంభాషణలు దక్షిణాది నల్లజాతి ప్రజల వాడుకభాషలో ఉంటాయి. కళ్లతో చదివితే కష్టంగా అనిపిస్తుంది, పైకి చదవండి, లేదా ఆడియో పుస్తకం వినండి. ఉత్తరాంధ్ర, తెలంగాణ మాండలికాల్లో కథలు చదివినవారికి, ఆ భాషను తప్పుల భాష అనకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఫాక్నర్ వంటి అమెరికన్ రచయితల పుస్తకాల్లో నల్లజాతివారిని అవమానించే ఒక తిట్టు పదం అచ్చులో కనబడుతుంది. పుస్తకంలో ఉంది కదా అని క్లాసులో పైకి చదవవద్దు. ఆ పదం దగ్గర ఆగండి, లేదా ప్రొఫెసరు పాటించే పద్ధతిని ముందే అడగండి. వ్యాసంలో కోట్ చేయవలసి వచ్చినప్పుడూ అంతే.

సమాచారం కోసం గూగుల్‌లో వెతకడం కన్నా యూనివర్సిటీ లైబ్రరీ పేజీ నుంచి మొదలుపెట్టడం మేలు. మీ స్టూడెంట్ లాగిన్‌తో మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ (ఎం.ఎల్.ఏ.) వారి ‘ఎం.ఎల్.ఏ. ఇంటర్నేషనల్ బిబ్లియోగ్రఫీ’లో వ్యాసాల వివరాలు, ‘జేస్టోర్’, ‘ప్రాజెక్ట్ మ్యూజ్’లలో పూర్తి వ్యాసాలు ఇంటినుంచే దొరుకుతాయి. మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని ఇంటర్‌లైబ్రరీ లోన్ ద్వారా మరో యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారు, చాలాచోట్ల డబ్బు తీసుకోరు, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది. సాహిత్యానికి ప్రత్యేకంగా ఒక లైబ్రేరియన్ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకుని కలవండి. ఇలా సాయం చేయడం వారి ఉద్యోగంలో భాగం, మొహమాటం అవసరం లేదు. మన దగ్గరి గైడ్ల వంటివి ఇక్కడ ఆన్‌లైన్‌లో బోలెడు. కథ అర్థం కాకపోతే చూడండి, ఆధారంగా మాత్రం చూపవద్దు.

ఇంగ్లీషు శాఖల్లో ఎక్కువగా ఎం.ఎల్.ఏ. పద్ధతి అడుగుతారు, దాని హ్యాండ్‌బుక్ తొమ్మిదో ముద్రణ 2021లో వచ్చింది. వాక్యం చివర కుండలీకరణాల్లో రచయిత ఇంటిపేరు, పేజీ సంఖ్య, మధ్యలో కామా లేకుండా. వ్యాసం చివర వేరే పేజీలో వాడిన రచనల జాబితా. ప్రతి పేజీ కుడివైపు పైన మీ ఇంటిపేరు, పేజీ సంఖ్య ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు తారుమారైనవారు మనలో చాలామంది ఉన్నారు. యూనివర్సిటీ రికార్డులో ఏది చివరి పేరుగా నమోదైందో చూసుకుని ఎప్పుడూ అదే వాడండి.

ఇతరుల వాక్యంలో నాలుగు పదాలు మార్చి, వారి పేరు చెప్పకుండా రాయడం ఇక్కడ ప్లేజరిజం, అంటే రచనా చౌర్యం కిందికే వస్తుంది. వేరే భాషలోని వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నా, పాత సెమిస్టరులో మీరే రాసిన వ్యాసాన్ని అనుమతి లేకుండా మళ్లీ ఇచ్చినా ఇబ్బందే. ఎ.ఐ. పరికరాల విషయంలో ఒక్కో ప్రొఫెసరుది ఒక్కో నియమం. సిలబస్ చదవండి, అందులో లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మొదటి డ్రాఫ్టులో ఆలోచన తెలుగులో వస్తే తెలుగులోనే రాసుకోండి, అందులో తప్పేమీ లేదు. రాసేటప్పుడు దాచుకున్న ఆ కాగితాలు, పాత డ్రాఫ్టులు అన్నీ ఉంచండి; అనుమానం వచ్చిన రోజు అవే మీకు సాక్ష్యం.

ప్రొఫెసరును సార్, మేడమ్ అనకుండా, ప్రొఫెసర్ అన్న మాటకు వారి చివరి పేరు జోడించి పిలవండి. ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలవడానికి ప్రొఫెసరు కేటాయించే వేళలకు, గ్రేడు గురించి ఫిర్యాదు ఉన్నప్పుడే వెళ్లాలని ఏమీ లేదు. గడువుకు రెండు వారాల ముందు ఒక పేజీలో మీ థీసిస్, రెండు ఆధారాలు రాసుకుని వెళితే పదిహేను నిమిషాల్లో దారి తేలుతుంది. రైటింగ్ సెంటర్‌లో వ్యాసాన్ని దిద్ది ఇవ్వరు, మీతో కూర్చుని ప్రశ్నలు అడుగుతారు, ఆ ప్రశ్నలకే మీరు వెళ్లాలి. క్లాసులో మాట్లాడటానికి కూడా మార్కులుంటాయి కాబట్టి, ఒక పేజీ సంఖ్య, ఒక వాక్యం, దానిపై ఒక ప్రశ్న ముందే సిద్ధం చేసుకుని మొదటి పది నిమిషాల్లోనే అడిగేయండి. చదవవలసింది శక్తికి మించిపోయి కోర్సు వదిలేయాలనిపిస్తే, ఎఫ్-1 వీసా మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్ సాధారణంగా సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు ఉంచుకోవాలన్నది మరవవద్దు. అంతకన్నా తగ్గేటట్టయితే కోర్సు వదలడానికి ముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి.

మొదటి వ్యాసం తిరిగి వచ్చినప్పుడు గ్రేడు చూసి మూసేయకండి. మార్జిన్‌లో ప్రతి వ్యాఖ్యనూ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట గీత గీయండి. రెండో వ్యాసం మొదలుపెట్టే ముందు ఆ కాగితం పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కు వెళ్లి, గీత గీసిన వ్యాఖ్యల గురించి మాత్రమే అడగండి.